ఒక్కడి కాంట్రాక్టు, యాభై ముగ్గురి జట్టు

ఈసారి పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి: అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక స్టార్‌కు కోట్లు పోస్తే మిగతా జట్టు గతి ఏమిటి? డల్లాస్, బే ఏరియా, న్యూజెర్సీలలోని మనవాళ్లే కాదు, ఇక్కడివాళ్లూ అడిగారు. జవాబులన్నీ అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు సంబంధించినవే. లెక్కలు మనకు అలవాటైన కోట్లలో ఇస్తున్నాం. అక్కడి వార్తల్లో పది మిలియన్ డాలర్లంటే ఇక్కడ కోటి డాలర్లు.

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సాలరీ క్యాప్ అంటే మన ఐపీఎల్ పర్సు లాంటిదేనా? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: పైకి అలాగే కనిపిస్తుంది. క్యాప్ అంటే ఒక జట్టు ఏడాదికి ఆటగాళ్ల జీతాలకు పెట్టగల గరిష్ఠ మొత్తం. 2025 మెగా వేలానికి ఒక్కో ఐపీఎల్ జట్టుకు 120 కోట్ల రూపాయల పర్సు ఇచ్చారు. సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌ను 23 కోట్లకు, కమిన్స్‌ను 18 కోట్లకు, అభిషేక్ శర్మను, ట్రావిస్ హెడ్‌ను చెరో 14 కోట్లకు, మన నితీశ్ కుమార్ రెడ్డిని 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. ఐదుగురికే 75 కోట్లయింది. వేలానికి 45 కోట్లతో వెళ్లి మిగతా జట్టంతా అందులోనే కూర్చుకోవాల్సి వచ్చింది. స్టార్లకు పెట్టిన ఖర్చు మిగతావాళ్ల వాటాలోంచి పోతుందన్న సూత్రం రెండు చోట్లా ఒకటే.

తేడా ఆటగాణ్ని వదిలేసేటప్పుడు తెలుస్తుంది. ఐపీఎల్‌లో ఒకర్ని విడుదల చేస్తే అతని ధర మొత్తం మళ్లీ పర్సులోకి వచ్చేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా రాదు. ఆటగాడు వెళ్లిపోయాక కూడా అతని పేరు మీద ఖర్చు లెక్కలో కూర్చునే ఉంటుంది. ఈ శీర్షికలో సగం జవాబులు ఆ ఒక్క సంగతి మీదే ఆధారపడ్డాయి కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

క్యాప్ 1994లో మొదలైనప్పుడు జట్టుకు 3.46 కోట్ల డాలర్లు. 2025లో 27.92 కోట్లు. ముప్పై రెండు జట్లకూ పరిమితి ఒకటే. పన్ను కట్టి దాటే వెసులుబాటు బాస్కెట్‌బాల్‌లో ఉంది, ఇక్కడ లేదు. వాడుకోని మొత్తాన్ని మాత్రం మరుసటి ఏడాదికి మోసుకెళ్లొచ్చు. ఈ డబ్బులోంచే 53 మంది ప్రధాన జట్టుకు, 16 మంది ప్రాక్టీస్ స్క్వాడ్‌కు, గాయాలతో పక్కన కూర్చున్నవాళ్లకు జీతాలు వెళ్లాలి. వేసవి శిబిరంలో 90 మంది ఉంటారు గానీ సీజన్ మొదలయ్యేదాకా పెద్ద జీతాలున్న 51 మందినే లెక్కిస్తారు.

ఇక అసలు సంగతి. ఆటగాడి చేతికి వెళ్లే డబ్బు వేరు, ఆ ఏడాది క్యాప్ మీద పడే లెక్క వేరు. మూల వేతనం ఏ ఏడాదిది ఆ ఏడాదే పడుతుంది. సైనింగ్ బోనస్ చేతికి వెంటనే వచ్చినా, క్యాప్ లెక్కలో దాన్ని కాంట్రాక్టు ఏళ్ల మీద సమానంగా పరుస్తారు. గరిష్ఠంగా ఐదేళ్లు. ఐదేళ్ల కాంట్రాక్టులో 5 కోట్ల బోనస్ ఇస్తే ఏడాదికి కోటి చొప్పున పడుతుంది. ఆటగాడికి అది ముట్టిపోయిన డబ్బు. జట్టుకు మాత్రం నాలుగేళ్ల బాకీ ఇంకా మిగిలే ఉంటుంది.

ప్రశ్న: రస్సెల్ విల్సన్‌ను వదిలించుకోవడానికి డెన్వర్ బ్రాంకోస్ 8.5 కోట్ల డాలర్ల భారం మోసిందని చదివాను. ఆడని మనిషికి అంత డబ్బు ఎందుకు పడుతుంది? జూన్ 1 అన్న తేదీ ప్రతిసారీ ఎందుకు వినిపిస్తుంది? – ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ముందు పై ఉదాహరణనే కొనసాగిద్దాం. ఐదేళ్ల కాంట్రాక్టు, 5 కోట్ల బోనస్, రెండేళ్లు గడిచాయి. లెక్కలో పడకుండా మిగిలిన బోనస్ 3 కోట్లు. మూడో ఏడాది మూల వేతనం 2 కోట్లు, దానికి గ్యారంటీ (తీసేసినా కట్టి తీరాలన్న హామీ) లేదనుకోండి. ఉంచుకుంటే ఆ ఏడాది క్యాప్ మీద పడేది వేతనం 2, బోనస్ వాటా 1, కలిపి 3 కోట్లు. తీసేస్తే వేతనం తప్పుతుంది కానీ మిగిలిన బోనస్ మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది. అదీ 3 కోట్లే. ఆటగాడు పోయాడు, క్యాప్‌లో పైసా మిగల్లేదు. దీన్నే డెడ్ మనీ అంటారు. అభిమానులు ‘ఆడలేకపోతే తీసేయొచ్చుగా’ అని కోప్పడే చాలా సందర్భాల్లో జట్టు తీసేయకపోవడానికి కారణం ఇదే.

జూన్ 1 తర్వాత తీసేస్తే ఆ ఏడాది వాటా మాత్రమే, అంటే 1 కోటి, ఈ ఏడాది పడుతుంది. మిగతా 2 కోట్లు వచ్చే ఏడాదికి వెళ్తాయి. అందాకా ఆగనక్కర్లేకుండా, మార్చిలోనే తీసేసి ‘జూన్ 1 తర్వాతిదిగా లెక్కించండి’ అని ప్రకటించే వీలు జట్టుకు ఏడాదికి ఇద్దరు ఆటగాళ్ల విషయంలో ఉంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఆటగాడు మార్చిలోనే వెళ్లిపోతాడు, మిగిలే డబ్బు మాత్రం జూన్ దాటాకే చేతికొస్తుంది. అప్పటికి మంచి ఫ్రీ ఏజెంట్లంతా (కాంట్రాక్టు లేక, ఏ జట్టులోనైనా చేరగలవాళ్లు) సంతకాలు చేసేసి ఉంటారు. ఆ డబ్బు డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) వచ్చిన కుర్రాళ్ల సంతకాలకు, సీజన్ మధ్యలో గాయపడ్డవాళ్ల స్థానంలో ఎవర్నైనా తెచ్చుకోవడానికి పనికొస్తుంది. మార్చి బజారులో పెద్ద ఆటగాణ్ని కొనడానికి పనికిరాదు.

ఇక విల్సన్ సంగతి. అతను క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపే కీలక ఆటగాడు. 2022 మార్చిలో డెన్వర్ అతని కోసం సియాటిల్‌కు రెండు మొదటి రౌండ్, రెండు రెండో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు, ఇంకా ముగ్గురు ఆటగాళ్లను ఇచ్చింది. పాత కాంట్రాక్టులో ఇంకా రెండేళ్లు మిగిలే ఉన్నాయి. కొత్త జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడకముందే, ఆ సెప్టెంబరులో ఐదేళ్లకు 24.5 కోట్ల పొడిగింపు ఇచ్చేశారు. మా దృష్టిలో ఎంపికలు ఇచ్చుకోవడం కన్నా ఈ తొందరే పెద్ద పొరపాటు. ఒక సీజన్ చూసి ఉంటే సరిపోయేది.

2023 చివర్లో విల్సన్‌ను ఆఖరి రెండు మ్యాచ్‌లకు పక్కన పెట్టినప్పుడు దాన్ని ఆట మీద తీర్పుగా మాత్రమే చూసినవాళ్లున్నారు. కాంట్రాక్టు చూస్తే ఇంకో కారణం కనిపిస్తుంది. 2025 వేతనం 3.7 కోట్లు 2024 లీగ్ సంవత్సరం (మార్చిలో మొదలవుతుంది) ఐదో రోజున గ్యారంటీగా మారాలి. మైదానంలో పెద్ద గాయమై ఆ రోజుకు వైద్య పరీక్షలో నెగ్గకపోతే ఆ సొమ్ము కూడా జట్టు మెడకు చుట్టుకునేది. మార్చిలో విడుదల చేసేటప్పుడు అప్పటికే గ్యారంటీ అయిన 2024 వేతనం 3.9 కోట్లు, దానికి పాత బోనస్‌ల బాకీ 4.6 కోట్లు కలిపి 8.5 కోట్లు తేలింది. జూన్ 1 వెసులుబాటుతో 2024లో 5.3, 2025లో 3.2 కోట్లుగా విడగొట్టారు. అంతకు ముందు రికార్డు 2022లో అట్లాంటా మ్యాట్ ర్యాన్‌ను పంపినప్పుడు మోసిన 4.05 కోట్లు. అంటే పాత రికార్డుకు రెట్టింపు దాటింది. విల్సన్ పిట్స్‌బర్గ్‌కు కనీస వేతనం 12.1 లక్షల డాలర్లకే ఆడాడు. ఎందుకంటే అక్కడ ఎంత సంపాదిస్తే అంత డెన్వర్ కట్టేదాంట్లో తగ్గుతుంది, అతని చేతికొచ్చేది మారదు.

జట్టు మీద ప్రభావం వెంటనే కనిపించింది. అదే మార్చిలో సేఫ్టీ (డిఫెన్స్‌లో వెనక నిలబడేవాడు) జస్టిన్ సిమన్స్‌ను విడుదల చేశారు. రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) జెరీ జూడీని ఐదు, ఆరు రౌండ్ల ఎంపికలకు క్లీవ్‌లాండ్‌కు ఇచ్చేశారు. అయినా డెన్వర్ ఆ ఏడాది 10 గెలిచి 7 ఓడి, 2015 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ చేరింది. కారణం డ్రాఫ్ట్‌లో 12వ ఎంపికగా తెచ్చుకున్న క్వార్టర్‌బ్యాక్ బో నిక్స్. నాలుగేళ్లకు కలిపి అతని కాంట్రాక్టు 2 కోట్లలోపే. ఆ స్థానంలో ఏడాదికి 4 కోట్లు అడిగే అనుభవజ్ఞుణ్ని తెచ్చుకుని ఉంటే డెడ్ మనీతో కలిపి రెండు క్వార్టర్‌బ్యాక్ జీతాలు ఒకేసారి మోయాల్సి వచ్చేది.

ప్రశ్న: ప్రతి మార్చిలో ‘ఫలానా జట్టు క్యాప్ కన్నా 5 కోట్లు ఎక్కువలో ఉంది’ అంటారు. రెండు వారాల్లో అదే జట్టు కొత్త ఆటగాళ్లను కొంటుంది. మరి క్యాప్ ఉత్తుత్తి పరిమితేనా? – ఒక ఎంబీఏ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఉత్తుత్తిది కాదు, వాయిదాలకు లొంగేది. పద్ధతి పేరు రీస్ట్రక్చర్. మీ చదువుకు పనికొస్తుంది కాబట్టి అంకెలతోనే చూద్దాం.

ఒక ఆటగాడికి ఈ ఏడాది మూల వేతనం 2 కోట్లు, ఈ ఏడాదితో కలిపి కాంట్రాక్టులో నాలుగేళ్లున్నాయి. ఏడేళ్లు, అంతకు పైగా అనుభవం ఉంటే 2025లో కనీస వేతనం 12.55 లక్షలు. జట్టు వేతనాన్ని ఆ కనీసానికి తగ్గించి, మిగతా 1 కోటి 87.45 లక్షలను సైనింగ్ బోనస్‌గా మార్చి ఇప్పుడే చేతికిస్తుంది. అది నాలుగేళ్ల మీద పరుచుకుంటే ఏడాదికి 46.86 లక్షలు. ఈ ఏడాది క్యాప్ మీద పడేది 12.55, 46.86 కలిపి 59.41 లక్షలు. ఒక్క సంతకంతో 1 కోటి 40 లక్షలకు పైగా ఖాళీ దొరికింది. ఆటగాడికి రూపాయి నష్టం లేదు, పైగా డబ్బు ముందే వచ్చింది, కాబట్టి కాదనే అవసరం ఉండదు. చాలా కాంట్రాక్టుల్లో జట్టు తనంతట తాను ఇలా మార్చుకునే హక్కు ముందే రాసి ఉంటుంది.

నాలుగేళ్లు చాలకపోతే వాయిడ్ సంవత్సరాలు తగిలిస్తారు. ఇవి కాగితం మీద ఉండే ఏళ్లు. ఆటగాడు ఆ ఏళ్లలో ఆడడు, కాంట్రాక్టు అంతకు ముందే రద్దవుతుంది, కానీ బోనస్ పరచడానికి పనికొస్తాయి. పై లెక్కకు ఒక వాయిడ్ ఏడాది చేర్చి ఐదుతో భాగిస్తే ఏడాదికి 37.49 లక్షలే. కాంట్రాక్టు రద్దయ్యే రోజున మిగిలిన బాకీ అంతా ఒకేసారి డెడ్ మనీగా పడుతుంది.

ఇది చేయదగినదా కాదా అన్నది ఆటగాడి వయసును బట్టి ఉంటుంది. 25 ఏళ్ల లైన్‌మన్‌కు చేస్తే, బాకీ తీరేదాకా అతను ఆడుతూనే ఉంటాడు. క్యాప్ కూడా పెరుగుతూ పోతుంది కాబట్టి రేపటి కోటి ఇవాళ్టి కోటి కన్నా తేలిక. ఫిలడెల్ఫియా ఈగల్స్ ఈ పద్ధతినే బాగా వాడింది. జేలెన్ హర్ట్స్‌కు 2023లో ఐదేళ్లకు 25.5 కోట్లు రాసి, మొదటి ఏళ్ల క్యాప్ భారాన్ని చిన్నదిగా ఉంచి, ఆ ఖాళీలో మంచి జట్టు కట్టుకుంది. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్‌లో, కాన్సస్ సిటీని 40–22తో ఓడించింది. అదే రీస్ట్రక్చర్ 32 ఏళ్ల ఆటగాడికి వరసగా మూడేళ్లు చేస్తే, అతను తగ్గిపోయిన రోజున తీసేయలేరు, ఉంచుకోలేరు.

క్యాప్ ఎప్పుడూ పెరుగుతుందన్న నమ్మకం కూడా ఒకసారి దెబ్బతింది. 2020లో 19.82 కోట్లున్నది కోవిడ్ తర్వాత 2021లో 18.25 కోట్లకు పడిపోయింది. వాయిదాలు ఎక్కువ పెట్టుకున్న జట్లు ఆ వసంతంలో ఇష్టం లేకపోయినా చాలామందిని వదులుకున్నాయి.

ప్రశ్న: మేం ఫ్రిస్కోలో ఉంటాం, డల్లాస్ కౌబాయ్స్ శిక్షణ కేంద్రం మా ఊళ్లోనే. డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్లు ఇచ్చినందువల్లే మైకా పార్సన్స్‌ను గ్రీన్ బేకు ఇచ్చేయాల్సి వచ్చిందని మా కాలనీలో అందరూ అంటారు. నిజమేనా? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: సగమే నిజం. క్యాప్‌లో చోటు లేక ఇచ్చేశారనడం మాత్రం సరికాదు.

2025 ఆగస్టు 28న ట్రేడ్ జరిగింది. పార్సన్స్ గ్రీన్ బేతో నాలుగేళ్లకు 18.8 కోట్లకు సంతకం చేశాడు, ఏడాదికి 4.7 కోట్లు. వినగానే గుండె జారే అంకె. గ్రీన్ బే క్యాప్ మీద 2025లో పడింది మాత్రం కోటి డాలర్లలోపే: సైనింగ్ బోనస్ 4.4 కోట్లలో ఐదో వంతు 88 లక్షలు, కనీస వేతనం 11.7 లక్షలు. డల్లాస్‌లో ఉండి ఉంటే పాత రూకీ (లీగ్‌లో కొత్తగా చేరినవాడి) కాంట్రాక్టును జట్టు తన ఇష్టం మీద పొడిగించుకునే ఐదో ఏడాది ఆప్షన్ కింద అతని లెక్క 2.4 కోట్లు. అంటే డల్లాస్ కొత్త కాంట్రాక్టు ఇచ్చి ఉంటే ఆ ఏడాది క్యాప్ ఖర్చు తగ్గేది.

మరి సమస్య ఏమిటి? తర్వాతి ఏళ్లు. ఏడాదికి క్వార్టర్‌బ్యాక్ ప్రెస్కాట్ 6, రిసీవర్ సీడీ ల్యాంబ్ 3.4, ఎడ్జ్ రషర్ పార్సన్స్ 4.7. మూడు సగటులు కూడితే 14.1 కోట్లు. 2025 క్యాప్‌తో పోలిస్తే సగానికి పైన. మిగతా 50 మందికి 13.8 కోట్లు, తలకు 27 లక్షల పైచిలుకు. అందులోంచే ప్రాక్టీస్ స్క్వాడ్‌కు, గాయపడ్డవాళ్లకు, పాత డెడ్ మనీకి ఇవ్వాలి. వాయిదాలతో ఈ భారాన్ని కొన్నేళ్లు నెట్టుకురావచ్చు, మోయలేనిదేం కాదు. కానీ డ్రాఫ్ట్‌లో వరసగా మంచి కుర్రాళ్లు దొరికితేనే సాగుతుంది.

ఈ ముగ్గురి ధరలూ ఇంత పెరగడానికి కారణం ఆలస్యం. 2023 సెప్టెంబరులో ఎడ్జ్ రషర్లలో (ఎదుటి క్వార్టర్‌బ్యాక్ మీదికి పక్క నుంచి దూసుకెళ్లే డిఫెండర్లు) అత్యధికం నిక్ బోసా, ఏడాదికి 3.4 కోట్లు. 2025 మార్చిలో మైల్స్ గారెట్ 4 కోట్లు. జూలైలో టి.జె. వాట్ 4.1. ఆగస్టులో పార్సన్స్ 4.7. ఏ ఒక్కరు సంతకం చేసినా తర్వాతివారి ఏజెంటు అక్కడి నుంచే బేరం మొదలుపెడతాడు. ఏడాది ముందే, 2024 వేసవిలో పార్సన్స్‌తో కూర్చుని ఉంటే ఏడాదికి కోటికి దగ్గరగా ఆదా అయ్యేదని మా అంచనా.

ప్రెస్కాట్ విషయంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2021 కాంట్రాక్టులో అతన్ని అనుమతి లేకుండా ట్రేడ్ చేయకూడదని, ఫ్రాంచైజ్ ట్యాగ్ (కాంట్రాక్టు ముగిశాక ఒక ఏడాది నిర్ణీత జీతానికి ఆపుకునే హక్కు) వేయకూడదని రాసి ఉంది. ఆ కాంట్రాక్టును రీస్ట్రక్చర్ చేస్తూ వచ్చినందువల్ల, 2024 తర్వాత అతను వెళ్లిపోతే సుమారు 4 కోట్ల డెడ్ మనీ మిగిలేది. ట్రేడ్ చేయలేరు, ట్యాగ్ వేయలేరు, వదిలేస్తే 4 కోట్లు. ఇన్ని దారులు మూసుకున్నాక 2024 సీజన్ మొదటి మ్యాచ్ రోజున నాలుగేళ్లకు 24 కోట్లు, అందులో 23.1 కోట్లు గ్యారంటీతో సంతకం జరిగింది. బేరం చేసే శక్తి అప్పటికే జట్టు చేతిలో లేదు.

ట్రేడ్‌లో డల్లాస్‌కు వచ్చింది 2026, 2027 మొదటి రౌండ్ ఎంపికలు, డిఫెన్సివ్ ట్యాకిల్ కెన్నీ క్లార్క్. రూకీ బోనస్ లెక్క 2024తోనే తీరిపోయింది కాబట్టి డెడ్ మనీ లేదు. కాగితం మీద శుభ్రమైన లావాదేవీ. కానీ మొదటి రౌండ్ ఎంపికలతో వెతికేది పార్సన్స్ లాంటి ఆటగాడినే. 2021లో 12వ ఎంపికతో ఆ మనిషి ఒకసారి దొరికాడు. క్యాప్‌లో చోటున్నప్పుడు అలాంటి ఆటగాణ్ని వదులుకోకూడదన్నదే మా అభిప్రాయం.

ప్రశ్న: పర్డీ జీతం పెరగ్గానే ఫార్టీనైనర్స్‌లో సగం మంది వెళ్లిపోయారు. ఇంతమందిని పంపాల్సిన అవసరం నిజంగా ఉందా? – ఒక పాఠకురాలు, సన్నీవేల్, కాలిఫోర్నియా

జవాబు: ఉంది. నిజానికి పర్డీ సంతకం మే నెలలో, ఆటగాళ్లు వెళ్లింది మార్చిలో. రాబోయే ఖర్చు తెలుసు కాబట్టే ముందే ఖాళీ చేశారు.

బ్రాక్ పర్డీ 2022 డ్రాఫ్ట్‌లో ఆఖరివాడు, 262వ ఎంపిక. 2023లో అతని మూల వేతనం 8.7 లక్షల డాలర్లు. ఆ జీతంతో జట్టును సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. పేరున్న క్వార్టర్‌బ్యాక్‌కు పోయే నాలుగైదు కోట్లు ఆ రెండు మూడేళ్లు మిగతా స్థానాల్లోకి వెళ్లాయి: బోసా, డీబో శామ్యూల్, ట్రెంట్ విలియమ్స్, ఫ్రెడ్ వార్నర్, మెకాఫ్రీ. 2011 నుంచి రూకీ జీతాలకు స్థిరమైన పట్టిక ఉంది, మూడు సీజన్లు గడిచేదాకా కాంట్రాక్టు తిరగరాయడం కుదరదు. కాబట్టి జట్టు ఇద్దామనుకున్నా ముందే ఇచ్చే వీల్లేకపోయింది. ఆ గడువు తీరాక 2025 మేలో ఐదేళ్లకు 26.5 కోట్లు.

ఎవరు వెళ్లారో గమనించండి. కార్నర్‌బ్యాక్ చార్వేరియస్ వార్డ్ ఇండియానాపొలిస్‌కు, గార్డ్ ఏరన్ బ్యాంక్స్ గ్రీన్ బేకు, సేఫ్టీ హఫాంగా, లైన్‌బ్యాకర్ గ్రీన్‌లా ఇద్దరూ డెన్వర్‌కు. హార్గ్రేవ్, ఫ్లాయిడ్ విడుదల. శామ్యూల్‌ను ఒక్క ఐదో రౌండ్ ఎంపికకు వాషింగ్టన్‌కు ఇచ్చి, అతని పాత బోనస్‌ల బాకీ సుమారు 3.1 కోట్లు తామే మోశారు. ట్రేడ్‌లో బోనస్ బాకీ కొత్త జట్టుకు వెళ్లదు, ఇచ్చిన జట్టు మీదే ఉండిపోతుంది.

ఖరీదైన కాంట్రాక్టుల వల్ల జట్టులో మధ్యతరగతి పోతుందన్నది ఇక్కడే కనిపిస్తుంది. పై వరసలో ఐదారుగురు కోటీశ్వరులు ఉంటారు. కింద రూకీలూ కనీస వేతనంవాళ్లూ ముప్పై మందికి పైగా ఉంటారు. మధ్యలో ఏడాదికి 60 లక్షల నుంచి కోటిన్నర డాలర్లు అడిగే నికార్సైన ఆటగాళ్లు, అనుభవమున్న గార్డు, రెండో కార్నర్‌బ్యాక్, మూడో లైన్‌బ్యాకర్, వీళ్లకే చోటు ఉండదు. మొదటి పదకొండు మందిని చూస్తే జట్టు బలంగానే ఉంటుంది. అక్టోబరులో ఇద్దరికి గాయాలైతే 8.4 లక్షల (2025 లెక్క) కనీస వేతనపు రూకీ మైదానంలోకి దిగాల్సి వస్తుంది. లోటు బయటపడేది అప్పుడే.

ప్రశ్న: గాయపడి సీజనంతా ఆడని ఆటగాడి జీతం క్యాప్‌లోంచి తీసేస్తారా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తీసేయరు. ఇంజర్డ్ రిజర్వ్‌లో (గాయపడ్డవాళ్ల జాబితాలో) పెడితే 53 మందిలో ఒక చోటు ఖాళీ అవుతుంది, జీతం మాత్రం లెక్కలోనే ఉంటుంది. అతని బదులు తెచ్చుకున్నవాడి జీతం అదనం. ప్రాక్టీస్ స్క్వాడ్‌ కూడా లెక్కలోకి వస్తుంది. 2025లో వారానికి కనీసం 13,000 డాలర్లు. పదహారు మందికి 18 వారాలకు 37 లక్షలు దాటుతుంది. సీజన్ మొదలయ్యేనాటికి చేతిలో అరకోటి నుంచి కోటి దాకా ఖాళీ ఉంచుకోని జట్టు నవంబరులో ఇబ్బంది పడుతుంది.

ప్రశ్న: మహోమ్స్‌కు 45 కోట్లిచ్చినా కాన్సస్ సిటీ గెలిచింది. వాట్సన్‌కు 23 కోట్లిచ్చి క్లీవ్‌లాండ్ మునిగింది. ఆటగాడి తేడాయేనా, కాంట్రాక్టులో కూడా ఏమైనా ఉందా? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: రెండూ ఉన్నాయి. 2020లో క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌కు రాసినది పదేళ్ల పొడిగింపు. ఏడాది సగటు 4.5 కోట్లు. క్యాప్ ఏటా పెరుగుతుంటే దీర్ఘకాలపు కాంట్రాక్టు వాటా శాతంలో తగ్గుతూ వస్తుంది, జట్టుకు ఎన్నేళ్లైనా సర్దుకునే వీలుంటుంది. అయినా తేలికేం కాదు. 2022లో అతని లెక్క క్యాప్‌లో 17.2 శాతం. అప్పటిదాకా సూపర్ బౌల్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌లలో అత్యధికం 1994లో స్టీవ్ యంగ్‌ది, 13.1 శాతం. ఆ హద్దు దాటి గెలవడానికి కాన్సస్ సిటీ చేసిన పని ఏమిటంటే, టైరిక్ హిల్ లాంటి రిసీవర్‌ను విలువ శిఖరంలో ఉన్నప్పుడే 2022 మార్చిలో మయామీకి ఐదు డ్రాఫ్ట్ ఎంపికలకు ఇచ్చేసింది. అతనికి మయామీ ఏడాదికి 3 కోట్లు ఇచ్చింది. కాన్సస్ సిటీ ఆ డ్రాఫ్ట్‌లో మెక్‌డఫీ, కార్లాఫ్టిస్, ఏడో రౌండ్‌లో పచెకో లాంటివాళ్లను తెచ్చుకుని, ఆ సీజన్‌లోనే కప్పు గెలిచింది. ఖరీదైన ఒక కాంట్రాక్టును నిలబెట్టింది చవక కాంట్రాక్టుల్లో ఉన్న ఈ కుర్రాళ్లే.

క్లీవ్‌లాండ్‌కు ఆ దారి మూసుకుపోయింది. 2022లో క్వార్టర్‌బ్యాక్ వాట్సన్ కోసం మూడు మొదటి రౌండ్ ఎంపికలు ఇచ్చేశారు. చవక ఆటగాళ్లు రావలసిన చోటే పోయింది. పైగా ఐదేళ్ల 23 కోట్లూ పూర్తి గ్యారంటీ. ఆట తగ్గినా, నిషేధం పడినా, గాయమైనా తగ్గించుకునే మార్గం లేదు. అతను మొదటి మూడు సీజన్లలో ఆడింది 19 మ్యాచ్‌లు. ఏటా భారం మోయలేక రీస్ట్రక్చర్ చేస్తూ పోయారు, బాకీ ముందుకు జరుగుతూ పోయింది.

ప్రశ్న: వార్తల్లో పెద్ద అంకెలు చూసి మోసపోకుండా కాంట్రాక్టును ఎలా చదవాలి? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మొత్తం అంకెను ముందు పక్కన పెట్టండి. చివరి ఏడాదికి రాసిన వేతనం చాలాసార్లు ఎవరికీ అందదు, దానికి గ్యారంటీ ఉండదు. మొదట చూడాల్సింది సంతకం చేసిన రోజునే పూర్తిగా గ్యారంటీ అయ్యే మొత్తం. ‘గాయానికి మాత్రమే గ్యారంటీ’ అని ఉంటే అది వేరు, ఆట తగ్గితే జట్టు దాన్ని ఎగవేయొచ్చు.

తర్వాత సైనింగ్ బోనస్ ఎంతో చూసి, ఏళ్ల సంఖ్యతో భాగించండి. వాయిడ్ ఏళ్లుంటే వాటినీ కలపండి, గరిష్ఠం ఐదు. ప్రతి ఏడాదికీ రెండు అంకెలు పక్కపక్కన రాసుకోండి: ఉంచుకుంటే ఎంత, తీసేస్తే మిగిలే బోనస్ బాకీ, గ్యారంటీ కలిపి ఎంత. మొదటిది రెండోదాన్ని మించే మొదటి ఏడాదే అసలు కాంట్రాక్టు ముగిసే ఏడాది. నాలుగేళ్లన్న కాంట్రాక్టు చాలాసార్లు రెండేళ్లదిగా తేలుతుంది.

గ్యారంటీ మారే తేదీలు కూడా గుర్తుపెట్టుకోండి. అవి ఎక్కువగా మార్చిలో లీగ్ సంవత్సరం మొదలైన మూడో రోజో, ఐదో రోజో ఉంటాయి. ఆ రోజులకు ముందు వారంలోనే విడుదలలు, ట్రేడ్‌లు గుంపుగా వస్తాయి. లీగ్ సంవత్సరం మొదలయ్యేది న్యూయార్క్ సమయం సాయంత్రం 4 గంటలకు. ఆ క్షణానికి జట్లన్నీ క్యాప్ లోపల ఉండాలి. మనకు అప్పటికి తేదీ మారి, అర్ధరాత్రి దాటాక 1:30 అవుతుంది.